తిరుపతిలో థ్రిల్లర్ ఓపెనింగ్ తీయడం ఎలా?

థ్రిల్లర్ తీస్తామని కాలేజీ పిల్లలు నా దగ్గరికి వస్తే, వాళ్ల మొదటి సీను చాలాసార్లు ఒకటే ఉంటుంది. రాత్రి, ఖాళీ రోడ్డు, ఒంటరిగా నడుస్తున్న అమ్మాయి. వెనక అడుగుల చప్పుడు, హుడీ వేసుకున్న మనిషి, కత్తి మెరుపు. కట్ చేస్తే టైటిల్. ఇందులో తప్పేమీ లేదు, జానర్ (అంటే సినిమా రకం) ఎవరికైనా ఇలాగే అబ్బుతుంది. కానీ ఆ ఖాళీ రోడ్డు కోసం వాళ్లు బండ్లేసుకుని ఊరి చివరికి పోతారు. అదే సమయంలో తిరుపతి బస్టాండు బయట, తెల్లవారుజామున మూడు గంటలకి, టీ కొట్ల దగ్గర నిలబడటానికి చోటుండదు. రాత్రే లేని ఊళ్లో చీకటిని వెతుక్కుంటూ పోయి, కళ్ల ముందున్నదాన్ని వదిలేస్తున్నారు.

మీరు తీయబోయేది రెండు నిమిషాల ఓపెనింగ్ అనుకుందాం. బ్రిటన్‌లో ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) మీడియా స్టడీస్ పిల్లలకి ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు చాలా ఏళ్లు ఇచ్చిన పని ఇదే. ఒక కొత్త కథాచిత్రానికి టైటిల్స్‌తో సహా మొదటి భాగం తీయాలి, రెండు నిమిషాలు మించకూడదు. మంచి కొలత అది. రెండు నిమిషాలంటే 120 సెకన్లు, సగటున నాలుగు సెకన్ల షాటు వేసుకున్నా 30 షాట్లు. ఒక రాత్రిలో తీయగలిగిన పని, ఒక వారంలో ఎడిట్ చేయగలిగిన పని.

ముందు జాబితా, దాని పక్కన ఇంకో జాబితా

ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు థ్రిల్లర్ ఓపెనింగుల్లో మీరు పదేపదే చూసిన ఆనవాయితీలన్నీ రాయండి. చీకటి, వాన, ఒంటరి పాత్ర, ముఖం కనిపించని మనిషి, తెలియని నంబర్ నుంచి ఫోను, గుండె చప్పుడు లాంటి సంగీతం, ఎర్రటి అక్షరాల టైటిలు, గోడ మీద అతికించిన ఫోటోలూ పేపర్ కటింగులూ. పదిహేను దాకా వస్తాయి.

అసలు పని కుడివైపు ఉంది. ఒక్కో ఆనవాయితీ ఎదురుగా అది చేసే పనేమిటో రాయండి. చీకటి ఏం చేస్తుంది? మనకి కావలసిన సమాచారాన్ని దాస్తుంది. ఒంటరితనం? సాయం అందదని చెప్తుంది. ముఖం కనిపించని మనిషి? "ఎవరు?" అనే ప్రశ్న వేస్తాడు. తెలియని నంబర్ నుంచి వచ్చే ఫోను, ఆ పాత్ర మీద ఎవరి కళ్లో ఉన్నాయని చెప్తుంది. గుండె చప్పుడు సంగీతం చేసేదల్లా ప్రేక్షకుడికి "ఇప్పుడు భయపడు" అని చెప్పడమే. నా లెక్కలో ఈ జాబితా అంతటికీ బలహీనమైనది అదే.

ఈ రెండో జాబితా రాయకుండా ఎవరూ కెమెరా పట్టుకోవద్దు. ఆనవాయితీకి రూపం వేరు, పని వేరు. రూపాన్ని మార్చొచ్చు. పనిని తీసేస్తే మాత్రం అది థ్రిల్లర్ కాకుండా పోతుంది. "మేం జానర్‌ని బద్దలు కొట్టాం సార్" అని పిల్లలు చూపించే సినిమాలు చాలావరకు చప్పగా ఉండటానికి కారణం ఇదే. చీకటి తీసేసి పగటి వెలుగు పెట్టారు, బాగుంది. కానీ చీకటి దాచిన సమాచారాన్ని వెలుగులో ఎలా దాచాలో ఆలోచించలేదు.

ఇప్పుడు ఆ కాగితం పట్టుకుని మీ ఊరి వైపు చూడండి. చీకటి చేసే పనిని తిరుపతిలో ఇంకేది చేయగలదు? గుంపు. వెయ్యి మంది మధ్య ఒక ముఖం చీకట్లో కంటే బాగా దాక్కుంటుంది. ముసుగు చేసే పనిని? గుండు. నిన్న పొద్దున జుట్టుతో కొండెక్కిన మనిషి సాయంత్రం గుండుతో, గంధంతో దిగుతాడు. బస్టాండులో అలాంటివాళ్లు వందమంది కనిపిస్తారు, ఎవరూ రెండోసారి చూడరు. ముఖం దాచుకోకుండా ఒక మనిషి గుర్తుపట్టలేనంతగా మారిపోవడం ఈ ఊళ్లో రోజువారీ సంగతి. మే నెలలో ఇక్కడ హుడీ వేసుకున్న మనిషిని చూస్తే నాకు భయం వేయదు, ఉక్కపోత గుర్తొస్తుంది.

ఎన్ని ఉంచాలి, ఎన్ని మార్చాలి

నేను చెప్పే లెక్క: మూడు ఉంచండి, ఒకటి మార్చండి. తొలిసారి తీస్తున్నవాళ్లు రెండు మార్చాలని చూస్తే ప్రేక్షకుడు తాను చూస్తున్నది ఏ రకం సినిమానో తేల్చుకోలేడు.

వరుస కూడా ముఖ్యమే. ముందు ఆనవాయితీని పాటించాలి, తర్వాతే తిప్పాలి. మొదటి 30, 40 సెకన్లలో "ఇది థ్రిల్లరే" అని అనిపించే మూడు గుర్తులు పడాలి. దగ్గరి షాట్లు, ఒంటరిగా ఉన్న పాత్ర, జవాబు దొరకని ఒక వస్తువు, ఇలాంటివి. ప్రేక్షకుడు సర్దుకుని కూర్చుని తనకి తెలిసిన దారిలో నడుస్తున్నాననుకోవాలి. 70, 80 సెకన్ల దగ్గర మీరు ఆ దారి మలుపు తిప్పాలి. మొదటి షాటులోనే తిప్పేస్తే, మారిందని తెలియడానికి అతని దగ్గర పోల్చుకునేది ఏమీ ఉండదు.

మార్చేది ఏదో తేలాక దాన్ని ఒక్క వాక్యంలో రాసి గోడకి అంటించండి. "ఈ ఓపెనింగులో బెదిరింపు చీకట్లోంచి కాకుండా, లైట్ల వెలుగులో, మైకులోంచి, మర్యాదగా వస్తుంది." ఆ వాక్యానికి పనికిరాని షాటు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

ఎర్రచందనం గురించి ఒక మాట. మన జిల్లా పిల్లలు మూడోవంతు మంది దాంతోనే వస్తారు. రాత్రి అడవి, టార్చి లైట్లు, దుంగలు, లారీ. శేషాచలం మన వెనకే ఉంది కాబట్టి ఆ కోరిక సహజం. కానీ ఆ రూపం తెర మీద బాగా అరిగిపోయింది. పైగా రాత్రి అడవిలోకి వెళ్లడానికి అనుమతి దొరకదు, చిరుతలు తిరిగే చోటు కూడా. తీసి తీరాలంటే అడవి చూపించకండి. చెట్టు నరకడానికి తమిళనాడు కొండ ఊళ్ల నుంచి కూలీలు వచ్చేవాళ్లు. అలాంటి ఇంట్లో, మూడు రోజులుగా మోగని ఫోనుని చార్జింగులోంచి తీసి, మళ్లీ పెట్టే ఆడమనిషి చేతులు చూపించండి చాలు.

ఒక ఓపెనింగు, మొదటి సెకను నుంచి

పైన గోడకి అంటించిన వాక్యాన్నే తీసుకుని చివరిదాకా కట్టి చూపిస్తాను. దీన్నే తీయమని కాదు, కట్టే పద్ధతి చూడండి.

చోటు బస్టాండు బయట టిఫిన్ బండి, తెల్లవారుజాము. నల్ల తెర. బస్సు రివర్స్ తీస్తున్న విజిలు, టీ గ్లాసులు ఒకదానికొకటి తగిలే చప్పుడు, దూరంగా మైకులో అర్థంకాని అనౌన్స్‌మెంటు. తెర వెలిగితే ఇడ్లీ ప్లేటు, దగ్గరి షాటు. ఆవిరి, పక్కన కారం పొడి, అందులో నూనె గుంట. ఒక అమ్మాయి చెయ్యి ఇడ్లీ తుంచి పొడిలో అద్దుతుంది. ముఖం ఇంకా చూపించం. తర్వాత ఒళ్లో బ్యాగు, దాని జిప్పు ఒక వేలంత తెరిచి ఉంటుంది. ఆమె డబ్బుల కోసం బ్యాగులో చెయ్యి పెడితే నోట్లతోపాటు ఒక లామినేషన్ కార్డు బయటికొస్తుంది. మన ఇళ్లల్లో పర్సులో పెట్టుకునే చిన్న కార్డు, మధ్యవయసు మనిషి ఫోటో, కింద జననం, మరణం తేదీలు. ఆమె దాన్ని లోపలికి తోసేస్తుంది. మూడు సెకన్లు, అంతకంటే ఎక్కువ వద్దు. వాళ్ల నాయన చనిపోయాడని డైలాగు లేకుండా చెప్పేశాం.

ఇక్కడిదాకా అంతా ఆనవాయితీ ప్రకారమే ఉంది. ఒంటరి అమ్మాయి, తెల్లవారుజాము, దాచుకున్న వస్తువు, ముఖం ఆలస్యంగా చూపించడం.

45వ సెకను దగ్గర మైకు స్పష్టమవుతుంది. "పుంగనూరు నుంచి వచ్చిన పావని ఎక్కడున్నా ఎంక్వైరీ దగ్గరికి రావలెను." తుంచుతున్న చెయ్యి ఆగుతుంది. ఆమె ముఖం ఇప్పుడు మొదటిసారి. చుట్టూ ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఇక్కడ మైకు రోజంతా ఎవరినో ఒకరిని పిలుస్తూనే ఉంటుంది. 70, 80 సెకన్ల మధ్య మళ్లీ అదే గొంతు. "పుంగనూరు నుంచి వచ్చిన పావని, మీ నాన్నగారు మీ కోసం ఎదురుచూస్తున్నారు." కార్డు చూసిన ప్రేక్షకుడికి ఇక్కడ ఒళ్లు ఝల్లుమనాలి. ఆమె లేవదు, తల తిప్పదు. మెల్లగా నములుతుంది, ఎవరో చూస్తున్నారని తెలిసినవాళ్లు నమిలినట్టు.

మూడోసారి అనౌన్స్‌మెంటు భాష మారుతుంది. రావలెనులు, నాన్నగార్లు పోయి ఇంటి మాట వస్తుంది. "ఏం తొందర లేదు పాపా. ఇడ్లీ తినేసి నిదానంగా రా."

టైటిల్.

మన జాబితా ప్రకారం చూడండి. మార్చింది ఒకటే, బెదిరింపు వచ్చే దారి. దాని వెంటే మిగతా పనులకీ కొత్త రూపాలు వచ్చాయి. "ఎవరో గమనిస్తున్నారు" అనే పనిని తెలియని ఫోను నంబరుకి బదులు మైకు చేసింది. చీకటి పనిని గుంపు చేసింది. సాయం అందదు అనే పనిని చుట్టూ ఉన్న వందమంది నిర్లక్ష్యం చేసింది. కత్తి లేదు, పరుగు లేదు. పుస్తకం భాషలోంచి ఇంటి భాషలోకి జారడం వల్ల వచ్చే భయం మనకి మాత్రమే తెలిసిన భయం. చిత్తూరు మాటని సినిమాల్లో నవ్వించడానికో నరకడానికో వాడటం ఎక్కువగా చూశాం. ముద్దుగా పిలిచే అదే మాట వెన్నులో వణుకు పుట్టించగలదని మీరు చూపించండి.

ఇందులో ఇంకొకటి కలపొచ్చు. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు సంగతి మీరు విని ఉంటారు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడికి 15 సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని ముందే చూపించి అదే మాటలు మాట్లాడిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. మన టిఫిన్ బండి వెనక గుండ్లతో నలుగురైదుగురు యాత్రికులు నిలబడి ఉంటారు, తల మీద గంధం. కొత్తగా గీసిన గుండు, ఎండ తగిలిన నుదురు కంటే తెల్లగా ఉంటుంది, గమనించండి. వాళ్లలో ఒకరి గుండుకి మాత్రం ఆ తేడా ఉండదు. అంటే అతను నిన్నోమొన్నో గీయించుకున్నవాడు కాదు, యాత్రికుడూ కాడు. ఆమె వీపు వెనక, ఫోకస్ కొంచెం తప్పిన చోట, అతను ప్రతి షాటులోనూ ఒక అడుగు దగ్గరవుతాడు. ఆమెకి తెలియదు, చూసేవాళ్లలో సగం మందికి తెలుస్తుంది. మీ బ్యాచులో ఎవరికైనా మొక్కు ఉంటే షూటింగు ఆ తర్వాత పెట్టుకోండి. విగ్గు గుండు పనికిరాదు, ఫోను కెమెరాకి కూడా చెవుల దగ్గర దొరికిపోతుంది.

చోటు, అనుమతి

కొండ మీద తీయాలనే ఆలోచన మొదట్లోనే మానుకోండి. గుడిలోకి ఫోనే తీసుకెళ్లనివ్వరు, డ్రోను మాట ఎత్తకండి. బస్టాండు లోపల తీయాలంటే ఆర్టీసీ వాళ్లని, రైల్వేస్టేషనులో తీయాలంటే రైల్వే వాళ్లని అడగాలి. చంద్రగిరి కోట పురావస్తు శాఖది, అక్కడా అనుమతి కావాలి. అందుకే పైన నేను రాసిన సీను బస్టాండులో కాకుండా బయట టిఫిన్ బండి దగ్గర ఉంది. మైకు గొంతు ఎలాగూ ఇంట్లోనే రికార్డు చేస్తాం.

బండి ఆయన్ని ముందురోజే కలవండి. ఏ టైములో గిరాకీ తక్కువో ఆయనే చెప్తాడు. తీసినంతసేపూ ప్లేట్లకి డబ్బు ఇవ్వండి, ఊరికే తినొద్దు. సీనులో చేజ్ గానీ, బొమ్మ కత్తి గానీ ఉంటే ముందే దగ్గరి పోలీస్ స్టేషనులో చెప్పి రావాలి. దూరం నుంచి చూసినవాళ్లు 112కి ఫోన్ చేస్తే తప్పు వాళ్లది కాదు. దారిన పోయే యాత్రికుల ముఖాలు తీయకండి. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన మనిషి మీ హంతకుడి షాటులో కనిపించకూడదు. వెనక నిలబడే గుండ్లు మీవాళ్లవే అయి ఉండాలి.

షూటింగ్ రాత్రి

ఫోనుతో తీస్తే చాలు. కానీ ఆటో మోడులో తీయొద్దు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి మేం రాత్రంతా రోడ్డు పక్కన తీశాం. బస్సు హెడ్‌లైటు పడిన ప్రతిసారీ ఫోను తనంతట తానే వెలుగు తగ్గించుకుంది, బస్సు పోగానే పెంచుకుంది. తెల్లారి చూస్తే ప్రతి షాటూ ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉంది. పదకొండు మంది నిద్ర పాడైంది, ఒక్క షాటూ పనికి రాలేదు. ప్రో మోడులోకి వెళ్లి ఎక్స్‌పోజరు (వెలుగు), ఫోకసు, వైట్ బ్యాలెన్సు (రంగుల ఛాయ) మూడూ లాక్ చేయండి.

సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు సెకనులో 50వ వంతు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. షట్టరు దానికి కుదరకపోతే తెర మీద చారలు పాకుతాయి. ఐఎస్ఓ, అంటే ఫోను వెలుగుని ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె, ఎంత తక్కువ పెడితే చిత్రంలో గింజల్లాంటి చుక్కలు అంత తగ్గుతాయి. చాలకపోతే పాత్రని లైటు దగ్గరికి జరపండి, ఐఎస్ఓ పెంచకండి. బండి మీద వేలాడే బల్బే మీ మెయిన్ లైటు. దానికి ఎదురుగా తెల్ల థర్మాకోలు పట్టుకుంటే ముఖం రెండోవైపు ఎంత చీకటి ఉండాలో మీ చేతిలో ఉంటుంది.

మూడు గంటలకి అందరూ రాలేని పరిస్థితి ఉంటే పొద్దుగూకిన వెంటనే తీయండి. సూర్యుడు పోయాక ఆకాశం నీలంగా ఉండే సమయం 20 నిమిషాలే. డిసెంబరులో ఆరు లోపే సూర్యుడు పోతాడు, ఐదుకల్లా అన్నీ సిద్ధంగా ఉండాలి.

ఇడ్లీలు లెక్కపెట్టే పని ఒకరికి అప్పజెప్పండి, ఇంకో పని ఇవ్వొద్దు. మొదటి టేకులో రెండున్నర ఇడ్లీ ఉండి, తర్వాతి షాటులో మూడు కనిపిస్తే మైకు గొంతు ఎంత భయపెట్టినా ప్రేక్షకుడు ప్లేటే చూస్తాడు. ప్రతి టేకుకీ ముందు ప్లేటు ఫోటో తీసుకోండి. చట్నీ కూడా పెడితే అది పావుగంటకే ఎండి అంచు కడుతుంది, చెంచాడు నీళ్లు దగ్గర పెట్టుకోండి. ఆవిరి కావాలంటే వేడి ప్లేటు వచ్చిన పది సెకన్లలోనే దొరుకుతుంది, కాబట్టి ఆ షాటు మొదట తీసేయండి.

శబ్దం

ఈ ఓపెనింగు సగం శబ్దమే. కాబట్టి చిత్రానికి పెట్టినంత టైము దీనికీ పెట్టండి. రెండో ఫోను రికార్డరుగా వాడి, నటించే అమ్మాయి దగ్గర ఫ్రేములో కనిపించనంత దూరంలో పెట్టండి. షూటింగ్ అయిపోయాక ఎవరూ మాట్లాడకుండా, ఆ చోటు శబ్దాన్ని ఒక నిమిషం పాటు విడిగా రికార్డు చేయండి. ఎడిటింగులో షాట్ల మధ్య అతుకులు కనిపించకుండా దాచేది అదే.

మైకు గొంతు కోసం నటులని పిలవకండి. రోజూ మర్యాదగా మాట్లాడే అలవాటున్న మనిషిని తెచ్చుకోండి, పోస్టాఫీసులో పనిచేసిన పిన్నో, లెక్చరరో. బెదిరించమని చెప్పొద్దు. "బస్సు మిస్సవుతుందేమోనని ఆ పిల్ల కంగారు పడుతోంది, ధైర్యం చెప్పు" అనండి. ఆ ఆప్యాయతే మనకి కావాలి. రికార్డు చేసినదాన్ని ఒక బ్లూటూత్ స్పీకరులో పెట్టి, పొడుగాటి వరండాలో వినిపించి, దూరం నుంచి మళ్లీ రికార్డు చేయండి. అచ్చం బస్టాండు మైకులా వస్తుంది, ఏ ఎఫెక్టూ అక్కర్లేదు.

నేపథ్య సంగీతం వద్దనే అంటాను. పెట్టి తీరాలంటే మూడో అనౌన్స్‌మెంటుకి ముందు అది ఆగిపోవాలి. హోటళ్లలో మోగే భక్తి పాటల రికార్డింగులకి హక్కులుంటాయి, అవి మీ ఆడియోలో పడకుండా చూసుకోండి.

టైటిల్స్, ఎడిటింగ్

ఆరేడు కార్డులు చాలు, ఒక్కోటి రెండున్నర సెకన్లు. రక్తం కారే అక్షరాలు వద్దు. బస్సు బోర్డుల మీద చేత్తో రాసే గుండ్రటి తెలుగు అక్షరాలు ఎంత అందంగా ఉంటాయో చూడండి. పసుపు మీద నలుపు. ఒక బోర్డు పెయింటరుతో రాయించి ఫోటో తీసుకుంటే ఏ ఫాంటూ దాని దరిదాపుల్లోకి రాదు. పేర్లు ప్లేటు మీదో ముఖం మీదో పడకుండా, షాటులో ఖాళీగా ఉన్న మూలల్లో వేయండి.

ఎడిటింగుకి డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షను సరిపోతుంది. థ్రిల్లర్ అనగానే కట్‌లు వేగంగా వేయాలనుకుంటారు. మొదటి 40 సెకన్లు అలాగే వేయండి, ప్రేక్షకుడు ఎదురుచూసేది అదే. మైకు పేరు పిలిచాక షాట్లు పొడుగవ్వాలి. మూడో అనౌన్స్‌మెంటు మొత్తం ఒకే షాటు, పది సెకన్లు, కట్ లేకుండా ఆమె ముఖం మీదే. అక్కడ కట్ చేయాలని చెయ్యి లాగుతుంది, చేయకండి.

కాలేజీకి రిపోర్టు కూడా రాయాలంటే రెండు మాటలు ఉపయోగపడతాయి. జానర్ అంటే పునరావృతం, తేడా రెండూ కలిసినదని సినిమా సిద్ధాంతకర్త స్టీవ్ నీల్ 1980లో రాశాడు. మూడు ఉంచండి, ఒకటి మార్చండి అన్న లెక్క అదే. కథ ప్రశ్నలు వేసి జవాబుని వాయిదా వేయడాన్ని ఫ్రెంచ్ విమర్శకుడు రోలాండ్ బార్త్ హెర్మెన్యూటిక్ కోడ్ అన్నాడు, మీడియా స్టడీస్‌లో దాన్నే ఎనిగ్మా కోడ్ అంటారు. లామినేషన్ కార్డు, మైకు గొంతు, తేడాగా ఉన్న గుండు, ఈ మూడు ప్రశ్నలూ దాని కిందికి వస్తాయి. పేర్లు రాసి వదిలేయకుండా, ఏ సెకనులో ఏ ప్రశ్న వేశారో రాయండి.

అంతా అయ్యాక ఐదుగురికి చూపించండి, వాళ్లలో సినిమాలు తీసే స్నేహితులు ఉండకూడదు. "బాగుందా?" అని అడగొద్దు, మనవాళ్లు మొహమాటానికి బాగుందంటారు. "తర్వాత ఏమవుతుంది?" అని మాత్రమే అడగండి. "ఆ అమ్మాయి లేచి వెళ్తుందా లేదా?" అని వాళ్లలో వాళ్లు వాదించుకుంటే ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసేయండి. "మైకులో ఎవరు?" అనే మాట ఎవరి నోటా రాకపోతే కార్డు షాటు సరిగ్గా చేరలేదన్నమాట, దానికి ఇంకో సెకను ఇవ్వండి. ఐదుగురూ గుండు మనిషి గురించే మాట్లాడితే అతను ఎక్కువ కనిపిస్తున్నాడు, రెండు షాట్లలోంచి తీసేయండి.